విషం లేని ప్రత్తి – అప్పు లేని రైతు

(సూరత్ నగరంలోని అమ్రోలిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో సేంద్రియ ప్రత్తి గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చును. కరువు భత్యం, పెన్షను, ఖాళీల భర్తీ – ఇవి గదా మన సమస్యలు! వాటిని గురించి ఉదయం సమావేశంలో వివరంగా చర్చించుకున్నాము. ఇప్పుడు చెప్పబోయే విషయం కూడా మనకు సంబంధించినదేనని నిరూపించవలసిన బాధ్యత నాది.

మనం సమావేశమైన ఈ స్థలమే ఆ సందేహానికి మొదటి సమాధానం. అమ్రోలి ప్రక్కనే ఉత్రాణ్ స్టేషను వున్నది. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ తన మొట్టమొదటి మార్గాన్ని 1860 ఫిబ్రవరిలో అంకలేశ్వర్ నుండి ఈ ఉత్రాణ్ వరకే తెరచినది. దాని పొడవు 29 మైళ్లు. గుజరాత్ నల్లరేగడి నేలలలో పండే ప్రత్తిని రేవుకు చేర్చటం ఆ మార్గపు ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. మరుసటి సంవత్సరం అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, అక్కడి ప్రత్తి ఆగిపోయినది. లాంకషైర్ మిల్లులు మన ప్రత్తి కోసం ఎగబడినవి. మన ప్రత్తికి అక్కడ పెట్టిన పేరు 'సూరత్'. పింజ పొట్టిది కావటం చేత నూలు మాటిమాటికి తెగి, కూలి పడిపోయిన అక్కడి కార్మికులకు ఆ పేరు తిట్టు అయినది. ఇక్కడ మాత్రం ధర ఆకాశాన్నంటినది. రైతు అప్పు తెచ్చి ప్రత్తి వేసినాడు. 1865లో యుద్ధం ముగిసినది, ధర కూలినది, అప్పు నిలిచినది. 1875లో పూనా, అహమద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల పత్రాలను తగులబెట్టిన అల్లర్లకు ఈ పతనం కూడా ఒక కారణమని చరిత్రకారులు చెప్పుతారు.

రెండవ సమాధానం మన ఇండ్లలోనే వున్నది. కొన్ని సంవత్సరాల క్రిందట వరంగల్లు ప్రాంతం నుండి వచ్చిన ఒక ట్రాక్‌మన్ సోదరుడు సహకార పరపతి సంఘంలో అప్పు కోసం నా సహాయం కోరినాడు. దరఖాస్తులో ఇంటి మరమ్మతు అని వ్రాసినాడు. అది మూడవ దరఖాస్తు. ఇల్లు ఇన్నిసార్లు కూలుతున్నదా అని అడిగితే, కొంతసేపు తల వంచుకొని, "ఇల్లు కాదన్నా, తమ్ముని ప్రత్తి" అన్నాడు. మందుల దుకాణంలో తమ్ముడు పెట్టిన బాకీకి అన్న జీతం మూడేండ్లుగా పోతున్నది. ఇటువంటి అన్నలు ఈ సభలో ఎందరున్నారో మీకే తెలుసును. మన జీతం పెరగాలని పోరాడుతున్నాము, న్యాయమే. కాని ఆ పెరిగిన జీతం ఏ తూము గుండా బయటికి పోతున్నదో కూడా చూడవలసి వున్నది.

సూరత్‌లో పుట్టిన విత్తనం

ప్రత్తి రైతు అప్పులపాలు కావటానికి కారణం వాని అజ్ఞానమనీ, దుబారా అనీ పట్టణాలలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. దాని చరిత్ర ఈ ఊరితోనే ముడిపడి వున్నది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947 నాటికి మన దేశంలో పండే ప్రత్తిలో నూటికి 97 పాళ్లు దేశవాళీ రకాలే. రైతు గింజను ఇంటిలోనే దాచుకొని మరుసటి ఏడు విత్తుకునేవాడు. 1970లో సూరత్‌లోని ప్రత్తి పరిశోధనా కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ 'హైబ్రిడ్–4' అనే సంకర రకాన్ని రూపొందించినారు. ప్రపంచంలో వాణిజ్య సరళిలో సాగైన మొదటి సంకర ప్రత్తి అది. పొడుగు పింజ, అధిక దిగుబడి ఇచ్చిన ఆ శాస్త్రజ్ఞుని కృషిని మనం గౌరవించవలసినదే. కాని సంకర విత్తనానికి రెండు షరతులున్నవి. మొదటిది, పండిన గింజను తిరిగి విత్తితే అదే పంట రాదు, ఏటేటా కొనవలసిందే. రెండవది, నీరు, ఎరువు, పురుగుమందు సమృద్ధిగా వుంటేనే అది తన శక్తి చూపుతుంది. మొదటి షరతు రైతును అంగడికి కట్టివేసినది. రెండవ షరతు అప్పుకు కట్టివేసినది.

మూడవ మూల్యం కూడా ఒకటి వున్నది. అది చెల్లించినవారు పిల్లలు. సంకర విత్తనం తయారు చేయాలంటే సాయంత్రం ప్రతి మొగ్గ నుండి కేసరాలను చేతితో తీసివేసి, మరునాటి ఉదయం వేరొక రకం పుప్పొడిని అద్దవలెను. చిన్న వ్రేళ్లు కావలెనని, తక్కువ కూలి ఇవ్వవచ్చునని బాలికలను ఈ పనిలో పెట్టినారు. మన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో బాలికలు బడి మాని విత్తన ప్రత్తి చేలలో కూలికి పోయిన సంగతి 1990ల దశకం నుండి జరిగిన పరిశీలనలలో వెల్లడైనది.

దేశపు సాగుభూమిలో సుమారు 5 శాతం మాత్రమే వున్న ప్రత్తి, 1990లలో దేశం వాడిన పురుగుమందులలో దాదాపు సగాన్ని త్రాగివేసినదని అంచనా. మందు పెరిగిన కొద్దీ పురుగు మొండికెత్తినది. 1987–88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు జిల్లాల ప్రత్తిని నాశనం చేసినది. రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 1997–98లో శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు వరంగల్లు జిల్లాను ముంచినవి. వందల కుటుంబాలు యజమానిని కోల్పోయినవి. ఎందరో రైతులు పురుగు కోసం కొన్న మందునే త్రాగినారు.

2001లో ఈ గుజరాత్‌లోనే అనుమతి లేని బి.టి. ప్రత్తి చేలు బయటపడినవి. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం బి.టి. ప్రత్తికి అనుమతి ఇచ్చినది. న్యాయంగా చెప్పవలెనంటే, మొదటి కొన్ని సంవత్సరాలు శనగపచ్చ పురుగు అదుపులోకి వచ్చినది, మందుల వాడకం తగ్గినది, నీటి వసతి కూడా తోడైన చోట దిగుబడి పెరిగినది. కాని 2010 నాటికే గుజరాత్‌లో గులాబి రంగు పురుగు ఆ విత్తనానికి లొంగటం మానివేసినది. రెండు జన్యువుల విత్తనం వచ్చినా కొద్ది ఏండ్లలో దానికీ అదే గతి పట్టినది. మందు పిచికారీ మరల మొదలయినది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తి చేలపై మందు కొట్టుతూ ఇరవై మంది వరకు రైతులు, కూలీలు మరణించినారు. వందల మంది ఆసుపత్రుల పాలైనారు. కార్ఖానాలో ఇరవై మంది మరణిస్తే విచారణ సంఘం వేయమని మనం ఆందోళన చేస్తాము. పొలం కూడా పని స్థలమే గదా!

రెండు గ్రామాల అనుభవం

దీనికి మార్గాంతరం లేదా? ఉన్నదని రెండు చిన్న తెలుగు గ్రామాలు చూపినవి.

ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల ప్రత్తి గ్రామం. నేడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వున్నది. అక్కడ విత్తనం, ఎరువు, మందు అరువు ఇచ్చేవాడు ఒకడే. పంట కొనేవాడూ వాడే. అరువు మీద వడ్డీ వానిది, తూకం వానిది, ధర వానిది. 1990ల చివర 'సెక్యూర్' అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ పని ప్రారంభించినది; తరువాత సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పడినది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, పేడ–మూత్రం ద్రావణం, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు పళ్లాలు, గట్ల వెంబడి బంతి, ఆముదం మొక్కలు, పక్షులు వ్రాలటానికి కొయ్యలు – ఇవే ఆయుధాలు. వేపగింజలు పొడి చేసే యంత్రాన్ని మహిళా సంఘం నడిపినది. 2004 నాటికి గ్రామం మొత్తం పురుగుమందులు మానినది. మందుల వ్యాపారులు ఊరిలోకి రావద్దని పంచాయతీయే తీర్మానించినది.

రెండవది వరంగల్లు జిల్లాలో వుండి, నేడు జనగామ జిల్లాలో చేరిన లింగాల ఘనపురం మండలపు ఏనబావి. ఇంచుమించు 50 కుటుంబాలు, 280 ఎకరాల భూమి. మొదట ఎర్ర గొంగళి పురుగును సామూహికంగా మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి అణచినారు. ఆ విజయంతో ధైర్యం వచ్చి పురుగుమందులు మానినారు. తరువాత రసాయనపు ఎరువులు మానినారు. 2006లో ఊరు ఊరంతా సేంద్రియ గ్రామంగా ప్రకటించుకున్నది. జన్యు మార్పిడి విత్తనం కూడా రానీయరాదని కట్టుబాటు చేసుకున్నారు.

సంఘ కార్యకర్తలుగా మనం గమనించవలసిన విషయం ఇక్కడ వున్నది. ఈ గ్రామాలు వాడిన కషాయాలలో రహస్యమేమీ లేదు. ఆ సంగతులు వ్యవసాయ శాఖ కరపత్రాలలో కూడా దొరుకుతవి. వీరు సాధించినది, అందరూ ఒకేసారి మానటం. ఒక్క రైతు మాత్రమే మందు మానితే చుట్టు ప్రక్కల చేల పురుగంతా వాని చేను మీద పడుతుంది. ఒక్కడే మానితే అరువు ఇచ్చే వ్యాపారి వానినొక్కనినీ వెలివేస్తాడు. ఊరంతా మానితే వ్యాపారియే దిగిరావలసి వుంటుంది. 1974 మే మాసపు రైల్వే సమ్మెలో పాల్గొన్న పెద్దలు మనకు చెప్పిన పాఠం ఇదియే కదా! ఒంటరిగా పని మానినవాడు శిక్షకు గురియవుతాడు. కలసి పని మానినవారు ప్రభుత్వాన్నే మాట్లాడించగలుగుతారు. సేంద్రియ ప్రత్తి మొదట సంఘ నిర్మాణ సమస్య. వ్యవసాయ శాస్త్ర సమస్య ఆ తరువాతనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ 2004–05 నుండి ఈ పద్ధతులను మహిళా సమాఖ్యల ద్వారా విస్తరింపజేసినది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరిట ఆ పనిని కొనసాగిస్తున్నది. ఆదిలాబాదు జిల్లా ప్రత్తి రైతులతో 2004లో ప్రారంభమైన 'చేతన ఆర్గానిక్' రైతులను సంఘాలుగా కూర్చి, విదేశీ కొనుగోలుదారులతో నేరుగా బేరమాడే స్థితికి తెచ్చినది.

లెక్క చూద్దాము

ఉద్యోగులము గనుక మనకు లెక్క కావలెను. మధ్యప్రదేశ్‌లోని నిమాడ్ ప్రాంతంలో 2007 నుండి ప్రక్క ప్రక్క మళ్లలో రసాయన, సేంద్రియ పద్ధతులను పోల్చుతూ దీర్ఘకాలిక ప్రయోగం జరుగుతున్నది. మొదటి రెండేండ్ల ఆవృతిలో సేంద్రియ ప్రత్తి దిగుబడి 29 శాతం తక్కువ వచ్చినది. 2009–10 ఆవృతిలో రసాయన మళ్లలో దిగుబడి పడిపోవటం చేత రెండూ ఇంచుమించు సమానమైనవి. సేంద్రియంలో సాగు ఖర్చు గణనీయంగా తక్కువ.

దీని భావమేమి? దిగుబడి కొంత తగ్గినా, పెట్టుబడి అంతకంటె ఎక్కువ తగ్గితే రైతుకు మిగులు వుంటుంది. అంతకంటె ముఖ్యమైనది, వానలు తప్పిన ఏడు పోయేది శ్రమ మాత్రమే. అప్పు తెచ్చిన డబ్బు పోదు. రైతు ప్రాణం తీసినది తక్కువ దిగుబడి కాదు, ఎక్కువ అప్పు. కాని ఆ మొదటి రెండు మూడేండ్ల లోటును ఎవరు భరించవలెను? ధ్రువీకరణ నియమాల ప్రకారం వార్షిక పంటలకు రెండేండ్ల పరివర్తన కాలం వున్నది. ఆ కాలంలో దిగుబడి తగ్గుతుంది, సేంద్రియమనే హెచ్చు ధర ఇంకా రాదు. బక్క రైతు ఈ వంతెన దాటలేకనే వెనుకకు మరలుతున్నాడు.

దాచరాని లోపాలు

గొప్పలు మాత్రమే చెప్పి లోపాలు దాచటం మన సంఘం పద్ధతి కాదు.

మొదటిది, శ్రమ. కషాయాలు కాచటం, పేడ మోయటం, కలుపు తీయటం – ఈ అదనపు పని ఎక్కువగా స్త్రీల మీద పడుతున్నది. విషం తగ్గినందున ప్రత్తి ఏరే కూలి స్త్రీకి ఆరోగ్యలాభం వున్నది, నిజమే. కాని హెచ్చు ధరలో ఆమెకు వాటా రాకపోతే ఆ ప్రత్తిని న్యాయమైన ప్రత్తి అని నేను అనలేను.

రెండవది, భూమి. కౌలుదారుకు పత్రం వుండదు. వచ్చే ఏడు ఆ చేను తనకు వుంటుందో లేదో తెలియనివాడు మూడేండ్లు నేలను బాగుచేయమంటే ఎట్లా చేస్తాడు? కౌలు రక్షణ లేనిదే సేంద్రియం భూమి గలవారి సేద్యంగానే మిగిలిపోతుంది.

మూడవది, విత్తనం. ప్రత్తి విస్తీర్ణంలో 90 శాతానికి మించి బి.టి. రకాలే అయినప్పుడు, బి.టి. కాని మంచి విత్తనం అంగడిలో దొరకటమే కష్టమైనది.

నాలుగవది, మోసం. ప్రపంచంలో సేంద్రియ ప్రత్తి ఉత్పత్తిలో మన దేశం అగ్రగామి. కాని ప్రపంచపు మొత్తం ప్రత్తిలో సేంద్రియం నూటికి కొద్ది పాళ్లే. సరుకు కొరత, హెచ్చు ధర వున్నచోట దొంగలు చేరటం సహజం. 2020లో అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థ మన దేశంలో 20,000 టన్నుల ప్రత్తికి నకిలీ ధ్రువపత్రాలు సృష్టించినట్లు బయటపెట్టినది. రైతు ఒకరి పనిని మరొకరు చూచి హామీ పడే భాగస్వామ్య హామీ పద్ధతి ఒకటి వున్నది. బయటి తనిఖీదారు కాగితం మీద కంటె ఊరి సంఘం కట్టుబాటు మీద నాకు ఎక్కువ నమ్మకం.

ఐదవది, ధర. 2025–26 సంవత్సరానికి పొడుగు పింజ ప్రత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. అదే 2025 ఆగస్టులో విదేశీ ప్రత్తి మీద వున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని తీసివేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరి వరకు, అనగా మన పంట అంగడికి వచ్చే రోజుల వరకు పొడిగించినారు. ఇటువంటి విధానాల నుండి సేంద్రియ రైతుకు కూడా రక్షణ లేదు.

ప్రత్తి లేని మగ్గం

ఈ సూరత్‌లో మీరు నిత్యం చూస్తున్న దృశ్యం ఒకటి చెప్పుతాను. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లులో ఎక్కిన పద్మశాలి సోదరుని సూరత్‌లో దింపుతుంది. ఒకనాడు వీరి మనియార్డరులను వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ పల్లెలకు చేర్చినది మన పోస్టుమన్ సోదరులే. ప్రత్తి పండే ఊళ్ల నేతగాడు వెయ్యి కిలోమీటర్లు వచ్చి ఇక్కడ మరమగ్గం మీద నేసేది ఎక్కువగా పాలియెస్టరు. వాని ఊరి ప్రత్తి మరొక రైలులో, మరొక లారీలో, మరొక దిక్కుకు పోతున్నది. 1934లో స్థాపించిన వరంగల్లు ఆజం జాహి మిల్లు 2002లో మూతపడినది. రైతు, వడికేవాడు, నేసేవాడు ఒకరినొకరు ఎరుగని స్థితి ఏర్పడినది; అందుచేతనే మధ్యవర్తికి వారి ముగ్గురి మీద అధికారం చిక్కినది.

ఇదే గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో మార్గం మరొకటి వున్నది. వర్షాధారంతో, మందులు లేకుండ పండే 'కాలా' అనే దేశవాళీ ప్రత్తిని 'ఖమీర్' సంస్థ స్థానిక చేనేతకారులకు చేర్చినది. అక్కడ రైతు ప్రత్తి అదే ప్రాంతంలో వస్త్రమవుతున్నది. అది చిన్న ప్రయత్నమే. కాని రైతును, నేతగానిని తిరిగి కలుపవచ్చునని అది రుజువు చేసినది.

మన కర్తవ్యం

ఇక మనమేమి చేయగలము? నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను.

1. మనలో ఎవరైనా ఇంటికి ప్రత్తి పెట్టుబడి పంపేటప్పుడు ఆ డబ్బు దేనికి పోతున్నదో అడుగవలెను. మందుల బాకీకి మూడవసారి పంపే ముందు, ఊరిలో పది కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడవలెను. ఉద్యోగస్థుడైన అన్న మాటకు ఊరిలో విలువ వుంటుంది. 

2. మన సహకార పరపతి సంఘాలలో ఇటువంటి కుటుంబాలకు తక్కువ వడ్డీపై పరివర్తన అప్పు ఇచ్చే ఏర్పాటు కోసం తీర్మానాలు పంపవలెను.

3. రైల్వేలు, తపాలా శాఖ సిబ్బంది దుస్తులకు, రైళ్లలోని దుప్పట్లకు పెద్ద మొత్తంలో బట్ట కావలసి వున్నది. అందులో ఒక నిర్ణీత భాగాన్ని రైతు సంఘాల సేంద్రియ ప్రత్తితో, చేనేత సహకార సంఘాలలో నేసినదిగా కొనవలెనని మన కోర్కెల పత్రంలో చేర్చవలెను. ఏటేటా నిశ్చయంగా కొనే ప్రభుత్వ కొనుగోలుదారుడుంటే రైతు ధైర్యం చేస్తాడు. మన ఒంటి మీది దుస్తుల నూలు ఎవరి అప్పుతో పండినదో అడిగే హక్కు మనకున్నది.

4. కౌలుదారు గుర్తింపు, ప్రత్తి ఏరే స్త్రీల కూలి, దిగుమతి సుంకం – ఈ మూడు విషయాలలో రైతు, వ్యవసాయ కార్మిక సంఘాల ఆందోళనలకు మన శాఖలు ప్రత్యక్షంగా మద్దతు తెలుపవలెను.

సోదరులారా! ఆ ట్రాక్‌మన్ సోదరుని సంగతి పూర్తి చేసి ముగిస్తాను. ఆ మూడవ దరఖాస్తుపై నేను సంతకం చేసి అప్పు ఇప్పించినాను. మంచి పని చేసినానని ఆ రోజు అనుకున్నాను. ఆ తమ్ముడు ఒంటరిగా మందు మానలేడని, వాని ఊరికి ఒక సంఘం కావలెనని చెప్పటానికి అప్పుడు నాకు ఏనబావి గురించి తెలియదు. మరుసటి సంవత్సరం ఆయన నాలుగవ దరఖాస్తు తెచ్చినాడు. ఈ రోజు మీకు ఈ విషయం చెప్పుతున్నది, మీ వద్దకు అటువంటి దరఖాస్తు వచ్చిననాడు సంతకంతో సరిపెట్టవద్దని కోరటానికే.

ఏనబావిలో యాభై కుటుంబాలు కూడి చేసిన పనిని, ఇంతమంది సభ్యులున్న మన సంఘాలు తలచుకుంటే ఎన్నో ఊళ్లకు చేర్చగలవు. కార్మిక కర్షక ఐక్యత అనే మాటను మన వేదికల మీద ఎంతో కాలంగా పలుకుతున్నాము. ప్రత్తి చేనులో దానిని ఆచరించి చూపవలసిన సమయం వచ్చినది.

కార్మిక కర్షక ఐక్యత వర్ధిల్లాలి!